మా పిన్నీ నేనూ ఒకే క్లాసు

మా పిన్నీ నేనూ బి.ఫార్మసీ ఒకే క్లాసులో చదివాం. ఈ మాట ఎక్కడ చెప్పినా ఎదుటివాళ్లు ముందు నవ్వి, ఆ తర్వాత నిజమేనా అని అడుగుతారు. నిజమే. పిన్నంటే మా అమ్మకి సొంత చెల్లెలు. నాకంటే పదిహేనేళ్లు పెద్దది. చిన్నప్పుడు నన్ను చంకనెత్తుకుని చర్చికి తీసుకెళ్లిన మనిషి, తర్వాత నా పక్క బెంచీలో కూర్చుని నా రికార్డు చూసి బొమ్మలు వేసుకుంది.

ముందు నా సంగతి చెప్పాలి. మాది నరసాపురం. నాన్న ఎలిమెంటరీ స్కూల్లో టీచరు, అమ్మ ఇంట్లో లేసు అల్లుతుంది. ఇంటర్లో బైపీసీ తీసుకున్న ఆడపిల్ల డాక్టరే అవుతుందని అందరూ అనుకున్నట్టే మా ఇంట్లోనూ అనుకున్నారు. నీట్‌లో సీటొచ్చే మార్కులు రాలేదు. ఇంకో ఏడాది కోచింగుకి విజయవాడ పంపిస్తానన్నాడు నాన్న. నేనే వద్దన్నాను. హాస్టల్లో పుస్తకం మీద పడుకుని లేచే ఇంకో ఏడాది నాకొద్దనిపించింది. ఎంసెట్ ర్యాంకు మీద, మా ఊరి నుంచి బస్సులో వెళ్లొచ్చేంత దూరంలో ఉన్న ఫార్మసీ కాలేజీలో చేరాను.

"మందుల షాపులో కూర్చోడానికి నాలుగేళ్ల డిగ్రీ ఎందుకే అమ్మాయ్?" అని మా వీధిలో ఒకావిడ అడిగింది. నాకూ జవాబు తెలియదు. పైగా మొదటి ఏడాదిలో మందుల కంటే ముందు లెక్కలు ఎదురొచ్చాయి. బైపీసీ నుంచి వచ్చినవాళ్లకి లెక్కలు, ఎంపీసీ నుంచి వచ్చినవాళ్లకి బయాలజీ, ఇద్దరినీ ఒక దారికి తేవడానికి పెట్టిన పేపర్లవి. పదో తరగతితో పీడ వదిలిందనుకున్న లెక్కలు మళ్లీ ముందుకొచ్చేసరికి నాకు ఏడుపొచ్చింది. నా పక్కనమ్మాయికి కప్ప గుండె బొమ్మ చూస్తే ఏడుపొచ్చేది. ఒకరికొకరం చెప్పుకుని ఎలాగో గట్టెక్కాం.

ఆ ఏడాది చివర్లోనే పిన్ని కథ మొదలైంది.

పిన్నిది గోదావరికి అవతలి ఒడ్డు, సఖినేటిపల్లి. బాబాయి వేట పడవల ఇంజన్లు బాగుచేస్తాడు. వాళ్లకి ఒక్కడే కొడుకు. పెళ్లికి ముందు పిన్ని డి.ఫార్మసీ చదివింది. రెండేళ్ల డిప్లొమా. పెళ్లయ్యాక ఆ చదువుతో ఆవిడ ఒక్కరోజూ పని చెయ్యలేదు. సర్టిఫికెట్ మాత్రం పని చేసింది. మందుల షాపు పెట్టాలంటే ఫార్మసిస్టు సర్టిఫికెట్ ఉండాలి. సొంతంగా లేనివాళ్లు, ఉన్నవాళ్లది అద్దెకి తెచ్చి గోడకి తగిలిస్తారు. అది చెయ్యకూడని పనని అందరికీ తెలుసు, చేసేవాళ్లూ చాలామందే. పిన్ని సర్టిఫికెట్‌ని కూడా బాబాయికి తెలిసిన ఒకాయన నరసాపురంలో తన షాపుకి పెట్టుకున్నాడు. సంతకాల కాగితాలు ఇంటికే వచ్చేవి. షాపు మొహం ఆవిడ ఎన్నడూ చూడలేదు.

ఒకరోజు పిల్లాడికి జ్వరమొస్తే పంటు పడవ మీద గోదావరి దాటించి మా ఊరి పిల్లల డాక్టరు దగ్గరికి తీసుకొచ్చింది. నేనూ తోడు వెళ్లాను. డాక్టరు గారు చూసి, భయం లేదని చెప్పి, మందుల చీటీ రాసిచ్చారు. బయటికి రాగానే పిన్ని నవ్వుతూ, "పద, నా షాపులోనే కొందాం. ఎలా ఉంటుందో చూద్దాం" అంది.

షాపులో కౌంటరు దగ్గర ఒక కుర్రాడు ఉన్నాడు. చీటీ చూసి, జ్వరం సిరప్ సీసా తీసి పెట్టాడు. పిన్ని సీసా తిప్పి చూసింది. డాక్టరు రాసింది ఐదు ఎమ్మెల్‌కి నూట ఇరవై మిల్లీగ్రాములది. సీసా మీద రెండొందల యాభై అని ఉంది.

"ఇది వేరే కదండీ?"

"అదీ ఇదీ ఒకటేనండి. కంపెనీ వేరు, అంతే. డాక్టరు గారు ఎంత పొయ్యమంటే అంత పొయ్యండి."

పిన్ని సీసా కింద పెట్టలేదు. "ఫార్మసిస్టు గారు లేరా అండి?" అని అడిగింది.

"లేరండి. సాయంత్రం వస్తారు" అన్నాడతను, అవతలి మనిషికి మందులు తీస్తూ.

అతని తల మీదుగా, గోడకి, గాజు ఫ్రేములో సర్టిఫికెట్ మీద పిన్ని ఫోటో ఉంది. బాగా సన్నగా, రెండు జడలు ముందుకేసుకుని, కళ్లు పెద్దవి చేసి చూస్తోంది. అతను ఆ ఫోటో కిందే నిలబడి ఆ ఫోటోలో మనిషితోనే మాట్లాడుతున్నాడు, గుర్తుపట్టలేదు. నాకు నవ్వొచ్చింది. పిన్ని వైపు చూసి ఆపుకున్నాను. ఆవిడ మొహం తెల్లబోయింది.

రోడ్డు మీదికొచ్చాక సీసా నా చేతికిచ్చింది. "ఎంత పొయ్యాలే? నువ్వు చదువుతున్నావు కదా, చెప్పు."

"సగం అనుకుంటా పిన్నీ. డబుల్ ఉంది కాబట్టి సగం."

"నాకూ సగమే అనిపిస్తోంది. అనిపిస్తే సరిపోదు కదా."

పిల్లాడిని భుజాన వేసుకుని మళ్లీ డాక్టరు దగ్గరికి నడిచింది. అక్కడ నర్సమ్మ సీసా చూసి, రాసినదాంట్లో సగం చాలని, కొంచెం తక్కువే పొయ్యమని కొలిచి చూపించింది. పిన్ని అన్నిటికీ తలూపింది. పంటు ఎక్కేముందు, "రెండేళ్లు చదివాను. నా కొడుక్కి మందు పొయ్యడం నాకు రాలేదు" అంది.

ఆ ఆదివారం మేం వాళ్లింటికి వెళ్లేసరికి గొడవ నడుస్తోంది. గొడవంటే అరుపులు కాదు. బాబాయి అరుగు మీద కూర్చుని చేతుల మసి తుడుచుకుంటున్నాడు, పిన్ని గుమ్మంలో నిలబడి ఉంది.

"ఇప్పుడేం కొంప మునిగిందని? అందరూ పెట్టుకుంటున్నారు" అన్నాడు బాబాయి.

"మన పిల్లోడు కాబట్టి వెనక్కెళ్లి అడిగానండి. రోజూ ఎంతమంది కొనుక్కెళ్తున్నారో. అందరూ గోడ మీద నా మొహం చూసే కదా నమ్ముతున్నారు."

బాబాయి మసిగుడ్డ పక్కన పడేశాడు. మర్నాడు ఆయనే షాపుకెళ్లి సర్టిఫికెట్ వెనక్కి ఇచ్చెయ్యమని చెప్పొచ్చాడు. షాపాయన పంటు మీద ఇంటికొచ్చాడు. మర్యాదస్తుడే. "అమ్మా, ఇంకొక ఏడాది ఉంచండి, ఈలోగా వేరేది చూసుకుంటాను" అన్నాడు.

"ఉంచనండి. కావాలంటే నేనొచ్చి కూర్చుంటాను, ఉద్యోగమివ్వండి."

ఆయన నవ్వేశాడు. "అయ్యో, మీకెందుకండి ఆ కష్టం!"

ఆ నవ్వే పిన్నిని కదిలించిందనుకుంటాను. ఆ సాయంత్రం నాకు ఫోన్ చేసి, "మీ కాలేజీలో నాలాంటివాళ్లని చేర్చుకుంటారా?" అని అడిగింది. డిప్లొమా ఉన్నవాళ్లు ఈసెట్ రాస్తే డిగ్రీలో తిన్నగా రెండో ఏడాదిలో చేరొచ్చని చెప్పాను. చెప్పాక, చేరితే నా క్లాసులోనే చేరుతుందని అప్పుడు తట్టింది. ఇద్దరం ఫోన్‌లో చాలాసేపు నవ్వుకున్నాం.

ఆ వేసవంతా మా ఇల్లే కోచింగ్ సెంటరు. పొద్దున్నే ఇంటి పని ముగించుకుని, పిల్లాడిని వెంటబెట్టుకుని పంటు దాటి వచ్చేది. వాడు ఫోన్‌లో ఆటలు, మేం పుస్తకాలు. ఆవిడ పాత పుస్తకాలు అటక మీంచి దించితే సగానికి సగం పురుగు కొట్టేసింది. మిగిలిన సగంలో ఆవిడ చేతిరాతే ఆవిడకి అర్థం కాలేదు.

"ఇది నేను రాసిందేనా?" అనేది పదేపదే.

చదివినది పూర్తిగా పోలేదు. ఎక్కడో వరసగా ఉండిపోయింది. మొదటి పదం అందిస్తే డెఫినిషన్ అంతా గడగడా అప్పజెప్పేది. మధ్యలో ఆపి, అంటే ఏంటి పిన్నీ అని అడిగితే నిలబడిపోయేది. వల్లె వేసిందే తప్ప ఎవరూ విడమర్చి చెప్పలేదావిడకి. నేనేమైనా పెద్ద పండితురాలినా? నాకు వచ్చినంత చెప్పేదాన్ని. హాఫ్ లైఫ్ అంటే ఒంట్లోకి వెళ్లిన మందు సగమవడానికి పట్టే టైమని చెప్పాను.

"మరి మిగతా సగం?"

"అంతే టైములో దాంట్లో సగం పోతుంది."

"మళ్లీ దాంట్లో సగం. అయితే ఎప్పటికీ పూర్తిగా పోదా?"

ఆ ప్రశ్న నాకు క్లాసులో రాలేదు. మా సార్‌కి ఫోన్ చేసి అడిగాను. కొన్ని సగాలయ్యాక మిగిలేది లెక్కలోకి రానంత తక్కువని, అందుకే మాత్రకీ మాత్రకీ మధ్య ఇన్ని గంటలని చెబుతారని ఆయన వివరించారు. రోజుకి మూడుసార్లు, రెండుసార్లు అని చీటీ మీద ఎందుకు రాస్తారో మా ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

పాఠాల కంటే పెద్ద చిక్కు మౌస్. పరీక్ష కంప్యూటర్ మీద రాయాలి. పిన్ని ఎప్పుడూ మౌస్ పట్టుకోలేదు. బజార్లో నెట్ సెంటర్‌కి తీసుకెళ్లాను. బాణం గుర్తు తెరంతా పరిగెత్తేది. ఆవిడ దాన్ని అందుకోబోయి మౌస్‌ని గాల్లోకి లేపేది. "చేప జారినట్టు జారిపోతోందేంటే ఇది!" అంటే నెట్ సెంటర్లో అందరూ నవ్వారు, ఆవిడా నవ్వింది. వారం తిరిగేసరికి చేతికి పట్టు దొరికింది.

ఆదివారం ఆరాధనయ్యాక చర్చి ఆవరణలో ఆడవాళ్లు పిన్నిని పలకరించేవారు. "ఈ వయసులో ఎందుకమ్మా? కొడుకుని చదివించుకోక" అన్నారొకరు. మా అమ్మ ఎప్పుడూ ఎవరికీ ఎదురు చెప్పదు. ఆ రోజు మాత్రం, "వాడి చదువు వాడు చదువుతాడండి. దీని చదువు ఇది చదవద్దా?" అంది. తర్వాత తనే కంగారు పడి, గబగబా ఇంటిదారి పట్టింది.

పరీక్ష రాజమండ్రిలో పడింది. బాబాయి వస్తానంటే పిన్ని వద్దంది. "మీరొస్తే నాకు ఇంకా భయమేస్తుందండి." నేనే వెళ్లాను. రైలు గోదావరి వంతెన ఎక్కినప్పుడు పిన్ని కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుంది. వంతెన అయిపోయినా కళ్లు తెరవలేదు. ప్రార్థన పెద్దదనుకున్నాను. నిద్రపోయింది పాపం.

గేటు బయట చెట్టు నీడన, పిల్లల్ని దింపడానికొచ్చిన తల్లిదండ్రుల మధ్య కూర్చున్నాను. ఒకాయన, "మీ చెల్లెలా, తమ్ముడా?" అని అడిగారు. "మా పిన్నండి" అంటే ఆయన ఇంకేం అడగాలో తెలియక తన దగ్గరున్న మజ్జిగ ప్యాకెట్ ఒకటి నాకిచ్చారు.

బయటికొచ్చాక, "ఎలా రాశావు?" అన్నాను.

"రాసింది దేవుడికి తెలియాలి. మౌస్ మాత్రం చెప్పిన మాట విన్నది" అంది.

ర్యాంకు వచ్చింది. కౌన్సెలింగులో మా కాలేజీయే కోరుకుంది. సీటొచ్చింది.

చేరిన రోజు బస్సులో నాకు గట్టిగా చెప్పింది. "క్లాసులో నన్ను పిన్నీ అనకు. పిల్లలు నవ్వుతారు." సరేనన్నాను. ఏమని పిలవాలో తేలక ఆ రోజంతా అసలు పిలవనేలేదు. మర్నాడు ల్యాబులో ఆవిడ చీర కొంగు బర్నరు దగ్గరికి వెళ్లడం చూసి, "పిన్నీ, కొంగు!" అని కేకేశాను. క్లాసంతా తిరిగింది. ల్యాబ్ అసిస్టెంట్ కూడా తిరిగాడు. ఆ వారాంతానికి క్లాసంతా ఆవిడని పిన్నిగారనే పిలిచింది. పిన్ని చీర మానేసి చుడీదార్లో రావడం మొదలుపెట్టింది. బాబాయి మొదట వింతగా చూసి, తర్వాత బాగుందన్నాడట.

అంతా సాఫీగా సాగిపోతోందనుకున్నాం. సెమినార్లు వచ్చాయి.

మైక్రోబయాలజీలో ఒక్కొక్కరూ ఒక అంశం తీసుకుని బోర్డు దగ్గర నిలబడి ఇంగ్లీషులో చెప్పాలి. పిన్నికి స్టెరిలైజేషన్, అంటే వస్తువుల మీద క్రిముల్లేకుండా చెయ్యడం, వచ్చింది. పది రోజులు బట్టీపట్టింది. పంటు మీద వస్తూ అప్పజెప్పేది, బస్సులో నాకు అప్పజెప్పేది. తన వంతు వచ్చింది. లేచి వెళ్లి నాలుగు వాక్యాలు చెప్పింది. ఐదో వాక్యం దగ్గర ఆగిపోయింది. మళ్లీ మొదటి వాక్యం నుంచి మొదలుపెట్టింది. మళ్లీ అక్కడే ఆగింది. ఎవరూ నవ్వలేదు. నవ్వినా బాగుండేదేమో. మా మేడమ్ పిన్ని కంటే చిన్నది, మెల్లగా, "పర్లేదండి, టేక్ యువర్ టైమ్" అంది. పిన్ని సుద్దముక్క బల్ల మీద పెట్టి, వచ్చి కూర్చుంది. చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది.

ఆ సాయంత్రం రేవు దగ్గర, "రేపట్నించి రాను" అంది.

"ఒక్క సెమినార్‌కేనా పిన్నీ?"

"నీకు తెలీదులేవే. ఆ బోర్డు దగ్గర నిలబడితే నేను ఎవర్నో నాకే తెలియలేదు."

మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే బాబాయి తీసి, "ఇంట్లో పని చేసుకుంటోందమ్మా. అన్నం సరిగ్గా తినట్లేదు. నేనడిగితే మాట్లాడట్లేదు. నువ్వొకసారి రా" అన్నాడు.

ఆ మాట క్లాసులో చెప్పాను. శనివారం కాలేజీ అవగానే నాతోపాటు ఏడెనిమిది మంది పంటు ఎక్కారు. నేనెవర్నీ రమ్మనలేదు. అందులో సగం మంది ఎప్పుడూ గోదావరి అవతలికి వెళ్లినవాళ్లు కాదు. పిన్ని పెరట్లో అంట్లు తోముతూ మమ్మల్ని చూసి కంగారుగా లేచింది. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ, "అదేంటర్రా, అందరూ ఇలా వచ్చేశారు! కూర్చోండి, టీ పెడతాను" అంది.

టీ తాగుతూ కాలేజీ కబుర్లు చెప్పుకున్నాం. చివరికి ఒక అబ్బాయి గొంతు సవరించుకున్నాడు. పెనుగొండ దగ్గర పల్లెటూరివాడు, తెలుగు మీడియం. క్లాసులో నోరు విప్పగా ఎవరూ వినలేదు.

"పిన్నిగారూ, మీరు మానేస్తే ఎలాగండి? మీ తర్వాతి రోల్ నంబరు నాదండి. మీరు రాకపోతే సోమవారం బోర్డు దగ్గరికి నేనే వెళ్లాలండి."

పిన్ని నవ్వింది. నవ్వుతూ అరుగు మీద కూలబడి, కొంగు నోటికడ్డం పెట్టుకుంది. నవ్వులోంచే ఏడుపొచ్చింది. ఆ అబ్బాయి బెదిరిపోయి, "నిజంగానండి, నాకు రెండు రోజుల్నించీ నిద్ర పట్టట్లేదండి" అన్నాడు. ఇంకో అమ్మాయి తనకీ అంతేనంది. ఇంకొకరూ అన్నారు. అంతమందికి ఆ భయముందని నాకు అంతవరకూ తెలియదు. మంచి బట్టలేసుకుని, ఫోన్లు చూసుకుంటూ తిరిగే పిల్లలు.

ఆ అమ్మాయే అసలు సంగతి చెప్పింది. పిన్ని రాని రోజు మేడమ్ క్లాసులో అందరికీ, ముందు తెలుగులో చెప్పొచ్చని, పదాలు మాత్రం ఇంగ్లీషువి వాడమని, మెల్లగా వాక్యాలు అవే వస్తాయని చెప్పిందట. నేను ఆ రోజు లైబ్రరీలో ఉండి వినలేదు.

"అయితే మొదట ఎవరు చెబుతారు?" అంది పిన్ని కళ్లు తుడుచుకుంటూ.

"మీరేనండి. మీది సగంలో ఉంది కదండీ" అన్నాడు ఆ అబ్బాయి.

సోమవారం వచ్చింది. తెలుగులో చెప్పింది. పచ్చడి జాడీని ఎందుకు తడి లేకుండా ఎండబెడతామో అక్కడ మొదలుపెట్టి, ఇంజక్షన్ సీసా దాకా వెళ్లింది. మధ్యలో రెండుసార్లు తడబడింది, ఒక ఉష్ణోగ్రత తప్పు చెబితే మేడమ్ దిద్దింది. అయినా చివరిదాకా చెప్పింది. తర్వాత ఆ అబ్బాయి లేచి, బల్ల అంచు గట్టిగా పట్టుకుని, తనదీ పూర్తి చేశాడు.

ఇకనుంచి అన్నీ విజయాలే అని చెప్పలేను. ఆ సెమిస్టరు ఫలితాల్లో మా ఇద్దరికీ ఇంజినీరింగ్ పేపరు పోయింది. మందుల చదువులో ఇంజినీరింగ్ ఏంటని అడక్కండి, మందులు చేసే యంత్రాల గురించి. ఫలితం చూసి ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

"ఇంట్లో చెప్పావా?" అంది.

"నువ్వు చెప్పావా?"

అమ్మకి ఇద్దరం కలిసే చెప్పాం. లేసు అల్లుతున్నదల్లా ఆపి, "ఇద్దరూ ఒకే దాంట్లోనా? మాట్లాడుకుని తప్పారా ఏంటి?" అంది. మళ్లీ రాసి పాసయ్యాం. ఈసారి బాబాయి మాకు పంపులు, వాల్వులు ఎలా పనిచేస్తాయో వర్క్‌షాపులో పాత ఇంజను విప్పి చూపించాడు. సంబరమంతా ఆయనదే. తనకి తెలిసింది భార్య పుస్తకంలో ఉండటం ఆయనకి భలే ముచ్చటేసింది.

గోదావరికి వరదొచ్చినప్పుడు పంటు ఆపేసేవారు. అప్పుడు పిన్ని చించినాడ వంతెన మీదుగా బస్సులు మారి చుట్టూ తిరిగి వచ్చేది. పరీక్షల రోజుల్లో వరదైతే మా ఇంట్లోనే ఉండిపోయేది. పుస్తకం ముందు పెట్టుకుని, కొడుకుతో వీడియో కాల్లో మాట్లాడుతూ, వాడు ఏం తిన్నాడో అడుగుతూ కళ్లు తుడుచుకునేది. అమ్మ పక్కన అన్నం కంచం పెట్టి వెళ్లేది.

చదువయ్యాక మా క్లాసువాళ్లు ఎక్కువమంది హైదరాబాదు కంపెనీలకి వెళ్లిపోయారు. పిన్నికి అలా వెళ్లే వీల్లేదు. పాలకొల్లులో ఒక ఆసుపత్రి ఫార్మసీలో ఉద్యోగం ఉందంటే వెళ్లింది. ఇంటర్వ్యూలో పెద్ద డాక్టరు గారు కాగితాలు తిరగేసి, డిప్లొమాకీ డిగ్రీకీ మధ్య ఇన్నేళ్లు ఏం చేశారమ్మా అని అడిగారట.

"మర్చిపోయానండి. మళ్లీ మొదట్నించీ నేర్చుకోవాల్సొచ్చింది" అని చెప్పిందట.

ఆయన ఇంకేమీ అడక్కుండా, ఎప్పట్నించి వస్తారన్నారు.

నేనిప్పుడు రాజమండ్రిలో ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నాను. మధ్యాహ్నం భోజనాల వేళ పిన్ని ఫోన్ చేస్తుంది. కొత్తగా వచ్చిన మందు గురించి అడుగుతుంది, లేదా నేనడుగుతాను. ఇద్దరికీ తెలియకపోతే పుస్తకం తీస్తాం. మొన్న అడిగాను, పిల్లాడు ఏం చదువుతానంటున్నాడని. వాడికి మందుల వాసనే పడదట, బాబాయితో వర్క్‌షాపులో కూర్చుంటాడట.

"పోనీలే" అంది పిన్ని. "ఒక ఇంటికి ఇద్దరం చాలు."